నున్నగా గీకిన డ్రమ్ము

పటాన్‌చెరులో హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ఉన్న సంగప్ప యార్డులో శ్రీశైలానిది డ్రమ్ములు కడిగే పని. మందుల కంపెనీలు వాడేసిన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు లారీల మీద వచ్చి అక్కడ దిగేవి. వాటిలో సోడా కలిపిన వేడినీళ్లు పోసి, అటూ ఇటూ దొర్లించి, పైపుతో కడిగి, ఎండకు బోర్లించాలి. అన్నిటికంటే ముందు లేబుల్ గీకాలి. లేబుల్ మీద పుర్రె బొమ్మో, మంట బొమ్మో, చచ్చిన చేప బొమ్మో ఉండేది. ఆ బొమ్మ కంటబడితే కొనడానికి వచ్చినవాడు వెనక్కి తగ్గుతాడు. శ్రీశైలం రంపపు బ్లేడు ముక్కతో గీకి, కిరోసిన్ గుడ్డతో జిగురు తుడిచి, అరచేత్తో రాసి చూసుకునేవాడు. అతని చేతిలో పడిన డ్రమ్ము కొత్తదానిలా ఉంటుందని సంగప్ప వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆ డ్రమ్ములు ఎక్కడికి పోతాయో శ్రీశైలానికి తెలుసు. కొన్ని ఇళ్లు కట్టే మేస్త్రీలు తీసుకుపోయేవారు. ఎక్కువ మాత్రం ఇళ్లకే పోయేవి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లలో నీళ్లకు, బీరంగూడ కాలనీల్లో బియ్యానికి, పెళ్లిళ్లలో మజ్జిగకు. కొన్నిటిని అతనే ఆటోలో వేసుకుని ఇంటిదాకా తీసుకెళ్లి దించి వచ్చేవాడు. ఇన్నేళ్లలో ఎవరికైనా ఏమైనా అయిందని అతను వినలేదు. వినలేదు కాబట్టి కాలేదనే అనుకున్నాడు.

అతని చెల్లెలు ధనలక్ష్మి కర్దనూర్‌లో ఉండేది. చిన్నప్పుడే తల్లి పోతే ఆ పిల్లకు జడలు వేసింది, బడికి పంపింది, పెళ్లి చేసింది శ్రీశైలమే. ఆమె భర్త నర్సింహులు రేకుల కంపెనీలో పని చేస్తాడు. ఇంట్లో అత్త మొగులమ్మ, బడికి పోయే కూతురు. ధనలక్ష్మి వాకిట్లోనే మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. బీరంగూడ నుంచి హైమావతి అనే ఆవిడ పట్టుచీరలు కొన్నప్పుడల్లా జాకెట్టు గుడ్డ తెచ్చి ఈమెకే ఇచ్చేది. ఆవిడది గుంటూరు వైపు. భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. "చంక దగ్గర ఒక్క ముడత పడనివ్వదు ఈ పిల్ల. మా వైపు కూడా ఇంత పనితనం చూడలేదు," అని తన చుట్టాలకు చెప్పి వాళ్ల గుడ్డలు కూడా తెచ్చేది.

నల్లా వచ్చే వేళకు మాత్రం కుట్టు సగంలో ఆపి బిందెలు పట్టుకుని పరుగెత్తాలి. పట్టిన నీళ్లు మర్నాటికి చాలవు. ఒక ఎండాకాలం ధనలక్ష్మి అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, నీ కాడ గన్ని డ్రమ్ములుంటయి. నాకొక్కటి తెచ్చియ్యరాదు? నీళ్లకు శాన పరేషాన్ అయితున్నది."

"గింత దానికి అడగాల్నా? నీకు ఫస్ట్‌క్లాస్‌ది తెస్త."

అప్పుడే దిగిన లోడులోంచి ఒకటి ఏరాడు. దళసరి గోడ, ఇనుప రింగుతో బిగించే మూత. దాని మీది లేబుల్ పెద్దది. చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు, కింద ఏదో బొమ్మ. శ్రీశైలం ఏనాడూ ఆ అక్షరాలు చదవలేదు, ఆనాడూ చదవలేదు. మిగతావాటికి ఒకసారి గీకి వదిలేసేవాడు. దీనికి మాత్రం మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. సోడా నీళ్లతో రెండు మార్లు ఎక్కువే కడిగాడు. కింద రంధ్రం చేసి కొత్త నల్లా బిగించి, సాయంత్రం ఆటోలో వేసుకుని కర్దనూర్ వెళ్లాడు.

మొగులమ్మ డ్రమ్ముకు పసుపు కుంకుమ పెట్టింది. ధనలక్ష్మి నీళ్లు నింపి, ఒక గ్లాసు పట్టి, తాగబోతూ ఆగింది.

"అన్నా, ఏదో వాసనొస్తున్నది. తియ్యగ."

శ్రీశైలం మూత తీసి తల లోపలికి పెట్టి చూశాడు. వాసన ఉంది. బాగా మాగిన పండు వాసన లాంటిది, సన్నగా. కాని రోజంతా ఆ యార్డులో ఉండే ముక్కు అది. ఏ వాసన దేనిదో అతనికి ఎన్నడో తెలియకుండా పోయింది.

"కొత్త నల్లా పెట్టినం గద, దాని వాసన. నాలుగు దినాలైతే పోతది."

"నాకైతే ప్లాస్టిక్‌ల నీళ్లు సయించయి కొడుకా," అంది మొగులమ్మ. "నా కుండ నాకే ఉండనీ."

"నీకు అన్నీ సోకులే అత్తమ్మా," అని శ్రీశైలం నవ్వాడు. అందరూ నవ్వారు. అన్న చెప్పినట్టే నాలుగు రోజులకు వాసన పోయింది. లేదా ధనలక్ష్మికి అలవాటైపోయింది.

నర్సింహులు పగలంతా కంపెనీలోనే నీళ్లు తాగేవాడు. పిల్ల బళ్లో తాగేది. మొగులమ్మకు కుండ ఉంది. ఇంట్లో మిషన్ ముందు కూర్చుని, పక్కన చెంబు పెట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్రమ్ములో నీళ్లు తాగింది ధనలక్ష్మి ఒక్కతే. ఎండలకు డ్రమ్ము గోడ వేడెక్కేది. నీళ్లు గోరువెచ్చగా వచ్చేవి. కుట్టుకునే మనిషికి దాహం ఎక్కువ.

వానలు వచ్చి పోయాయి, చలి వచ్చి పోయింది. మళ్లీ ఎండలు ముదురుతుండగా అత్తాకోడళ్లు ఊళ్లోనే ఒక పెళ్లికి నడిచి వెళ్తున్నారు. వెనక వస్తున్న మొగులమ్మ పిలిచింది.

"ఏమే, ఒక్క చెప్పుతోనే నడుస్తున్నవ్?"

ధనలక్ష్మి కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పు లేదు. అది ఎక్కడో వెనక మురుగు మోరీ దగ్గర పడి ఉంది. అంత దూరం ఆమె ఉత్త కాలితో, కాలే మట్టి మీద నడిచింది. తెలియలేదు. ఆ సంగతి చెప్పుకుని పెళ్లిలో కూడా నవ్వుకున్నారు.

తర్వాత వేళ్లకు వచ్చింది. గుడ్డ పట్టుకుంటే అది పట్టో, నూలో చూస్తే తప్ప తెలిసేది కాదు. సూది చేతిలోంచి జారిపోయేది. రాత్రిళ్లు కాళ్లలో చీమలు పాకినట్టుండేది. అలసట అనుకుంది, ఎవరికీ చెప్పలేదు. హైమావతి తన కూతురి జాకెట్టు తీసుకుని వచ్చేదాకా బయటపడలేదు.

"ఇదేంటమ్మా ధనలక్ష్మీ? హుక్కులు చూడు, ఒకటి పైకి, ఒకటి కిందికి. నువ్వు ఎప్పుడూ ఇలా కుట్టలేదే! ఒంట్లో బాగుండట్లేదా?"

ఆవిడ తిట్టడానికి అడగలేదు. నిజంగానే అడిగింది. అందుకే ధనలక్ష్మి ఆపుకోలేకపోయింది. జాకెట్టు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఊళ్లో డాక్టరు బలానికి సూదులు వేశాడు. తగ్గలేదు. సంగారెడ్డి ఆస్పత్రిలో చూసి హైదరాబాద్ పంపారు. నర్సింహులుకు సెలవు దొరక్క శ్రీశైలమే వెంట వెళ్లాడు. అక్కడ చేతులకు, కాళ్లకు తీగలు పెట్టి సన్నగా కరెంటు పంపి నరాలను పరీక్ష చేశారు. రిపోర్టు చూసిన డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"సుగర్ లేదు. విటమిన్లు సరిగ్గానే ఉన్నాయి. కాని నరాలు దెబ్బతిన్నాయి. ఇంట్లో రంగులు, పురుగుమందులు ఏమైనా వాడతారా? తాగే నీళ్లు ఎక్కడివి?"

"నల్లా నీళ్లే మేడం. డ్రమ్ముల పోసుకుంటం."

"ఏం డ్రమ్ము?"

"మా అన్నిచ్చిండు మేడం," అంది ధనలక్ష్మి శ్రీశైలాన్ని చూపిస్తూ. ఆ మాటలో ఇంకా గర్వమే ఉంది. "మందుల కంపెనీది. మస్తు గట్టిగుంటది."

డాక్టరమ్మ శ్రీశైలం వైపు తిరిగింది. "అంతకు ముందు దాంట్లో ఏముండేది?"

"తెల్వది మేడం."

"పైన లేబుల్ ఉంటుంది కదా?"

"ఉండె మేడం." అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "గీకిన."

డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టింది. "ఆ డ్రమ్ము వల్లే అని నేను ఖాయంగా చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఏముండేదో తెలిస్తే దాని కోసం వెతికేదాన్ని. దేన్ని వెతకాలో తెలియకుండా నీళ్లలో ఏమని వెతకను? ముందు ఆ నీళ్లు ఈ రోజే ఆపేయండి. అందులో పోసిన రసాయనాన్ని ఆ ప్లాస్టిక్ లోపలికి పీల్చుకుంటుంది. ఎంత కడిగినా కొంత గోడలోనే ఉండిపోయి నెమ్మదిగా దిగుతుంది. నీళ్లు, బియ్యం, పచ్చడి, నోట్లోకి పోయేది ఏదీ అందులో పెట్టకూడదు."

"నా చేతులు మంచిగైతయా మేడం?"

"కొంత రావచ్చు. నరం నెమ్మదిగా కోలుకుంటుంది. అంతా వస్తుందని మాట ఇవ్వలేను."

పాపను కూడా తీసుకొచ్చి చూపించమంది. తర్వాత చూపిస్తే ఆ పిల్లకు ఏమీ లేదని తేలింది. ఆ ఇంటికి దక్కిన అదృష్టం అదొక్కటే.

తిరుగు బస్సులో ధనలక్ష్మి కిటికీ పక్కన కూర్చుంది. లింగంపల్లి దాటాక అడిగింది.

"అన్నా, లేబుల్ ఎందుకు గీకుతరు?"

"బొమ్మలుంటయి చెల్లె. అవి చూస్తే జనం కొనరు."

"నాది గూడ గీకినవా?"

"నీదే ఇంకా మంచిగ గీకిన."

ఆ మాట నోటినుంచి వచ్చాకగాని అదేమిటో అతనికి అర్థం కాలేదు. ధనలక్ష్మి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

మర్నాడు అతను సంగప్పను పట్టుకున్నాడు. పోయిన ఎండాకాలం ఆ లోడు ఎక్కడిదని అడిగాడు.

"ఎవనికి యాదుంటది శ్రీశైలం? ఎన్నో కంపెనీల మాల్ వస్తది. మధ్యల ఇద్దరు ముగ్గురి చేతులు మారి వస్తది."

రెండు మూడు కంపెనీల గేట్ల దగ్గరికి కూడా వెళ్లాడు. "కౌన్ సా డ్రమ్, భాయ్?" అన్నాడు సెక్యూరిటీవాడు. అతని వెనక, కాంపౌండ్‌లో, అలాంటి నీలం డ్రమ్ములు వరసలు వరసలుగా ఉన్నాయి. ఏదని చూపిస్తాడు?

చివరికి చెల్లెలి ఇంటికే వెళ్లి, ఖాళీ చేసి పెట్టిన డ్రమ్మును వాకిట్లోకి దొర్లించి ఎండకు ఏటవాలుగా పట్టుకుని చూశాడు. యార్డులో వేరేవాళ్లు గీకినవాటి మీద సగం అక్షరమో, కాగితం అంచో మిగిలి ఉండేది. దీని మీద ఏమీ లేదు. జిగురు మరక కూడా లేదు. అతని పనితనం అంత శుభ్రంగా ఉంది.

నర్సింహులు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

"ఊరందరికీ అమ్మినవ్, సరే. చెల్లెకు ఎట్ల తెచ్చి ఇచ్చినవ్ బావా?"

"వాడేమన్న కావాలని ఇచ్చిండా?" అని మొగులమ్మ లోపలి నుంచి కొడుకును కోప్పడింది. ఆనాటి నుంచి శ్రీశైలం వస్తే నర్సింహులు లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

శ్రీశైలం ఆ డ్రమ్మును గొడ్డలితో పగలగొట్టాడు. దళసరి గోడ, తొందరగా పగలలేదు. ఆ వారమే సంగప్పకు చెప్పాడు.

"సేటూ, ఇగ ఇండ్లకు అమ్మొద్దు. అడుగుకు బొక్క కొట్టి, చెత్తకనో సిమెంటు పనికనో చెప్పి అమ్ముదాం. లేబుల్ గీకుడు బంజేద్దాం."

సంగప్ప చెడ్డవాడు కాదు. ధనలక్ష్మి సంగతి విని అతనూ బాధపడ్డాడు. "నీ చెల్లె ముచ్చట ఇన్నప్పటి సంది నాకూ మంచిగ లేదు. అయితే బొక్క ఉన్నదాన్ని ఎవడు కొంటడు? నేను ఆపితే అవతల యార్డోడు అమ్ముతడు. నీళ్లకు డ్రమ్ము కావాలన్నోడు ఎక్కడన్న కొనుక్కుంటడు."

శ్రీశైలం ఆ పని మానేసి పటాన్‌చెరు కూరగాయల మార్కెట్‌లో మూటలు దించే పనికి కుదిరాడు. మధ్యాహ్నానికల్లా పని అయిపోయేది. ఆ తర్వాత తను స్వయంగా డ్రమ్ములు దించిన ఇళ్లను గుర్తు చేసుకుంటూ తిరగడం మొదలుపెట్టాడు.

మొదట, బియ్యానికని ఒకటి దించిన హైమావతి ఇంటికి వెళ్లాడు. ఆవిడ విని వంటింట్లోకి వెళ్లి డ్రమ్ము మూత తీసి చూసింది.

"బియ్యం అందులోనే పోస్తున్నానయ్యా! మనవరాలికి కూడా ఆ అన్నమే పెట్టాను."

"బియ్యానికి నీళ్లంత దిగదేమోనమ్మా. నాకు తెల్వది. అయినా తినకుండ్రి."

ఆవిడ బియ్యం మొత్తం బయట పోయించింది. అంతటితో ఊరుకోలేదు. వంటగట్టు కింద నుంచి సీసాలు, డబ్బాలు తీసి హాల్లో పెట్టింది. పాత రంగు డబ్బాలో కందిపప్పు, పేరు చెరిగిపోయిన సీసాలో ఏదో ఎర్రటి మందు, కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్, మంచినీళ్ల సీసాలో బాత్రూం యాసిడ్. "ఇదేంటో చెప్పగలవా?" అని ఒక్కొక్కటీ ఎత్తి చూపింది. అతను చెప్పలేకపోయాడు. ఆవిడా చెప్పలేకపోయింది.

"ఏమిటో తెలియనిదాన్ని ఇంట్లో ఎందుకు పెట్టుకున్నానో! ధనలక్ష్మిని ఒకసారి వచ్చి చూస్తానని చెప్పు," అంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి.

కర్దనూర్‌లో పని అంత సులువుగా సాగలేదు. ఆగమ్మ అనే ఆవిడ ఇంట్లో కూతురు పురిటికి వచ్చి ఉంది. చంటిపిల్లకు స్నానం ఆ డ్రమ్ము నీళ్లే, బాలింతకు తాగడానికీ ఆ నీళ్లే. శ్రీశైలం తన ఇంట్లో ఉన్న స్టీలు బిందెలు రెండూ తీసుకుని వెళ్లి అడిగాడు.

"నువ్వే తెచ్చిస్తివి, మంచిదంటివి," అంది ఆగమ్మ. "ఇప్పుడు నువ్వే వాపసియ్యమంటున్నవ్. ఏ మాట నమ్మాలె?"

"ఇప్పటి మాట నమ్మమ్మా. అప్పుడు నాకు తెల్వకపాయె."

"ఇప్పుడేం తెలిసింది? దాంట్ల ఏముండెనో చెప్పు."

"తెల్వది."

"మరి? డాక్టరు గూడ ఖాయంగ చెప్పలేదంటివి. నల్లా రోజు ఇడిసి రోజొస్తది. బాలింత ఉన్న ఇంట్ల రెండు బిందెలు ఏ మూలకొస్తయి? పో కొడుకా, పో."

ఆమె మాటల్లో తప్పేమీ లేదు. శ్రీశైలం మళ్లీ వెళ్లాడు, మళ్లీ తిప్పి పంపింది. మూడోసారి దారిలో చెల్లెలి ఇంటి ముందు కూర్చుని ఆ సంగతి చెప్పాడు.

అప్పటికి నీళ్లు మార్చి కొన్ని నెలలైంది. ధనలక్ష్మి అరచేతుల్లోకి స్పర్శ కొద్దిగా తిరిగి వచ్చింది. వేళ్ల కొసలకు, పాదాలకు రాలేదు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. అన్న చెప్పిందంతా విని, ఆమె గోడ పట్టుకుని లేచింది.

"నడువు. నేనొస్త."

"అంత దూరం నడుస్తవా?"

"నువ్వు చెప్తే ఇంటలేరు గద."

అన్న భుజం పట్టుకుని, ప్రతి అడుగూ ఎక్కడ పడుతుందో చూసుకుంటూ నడిచింది. ఆగమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రెండు చేతులూ చాపింది.

"పెద్దమ్మా, నా ఏలు గిచ్చి చూడు."

ఆగమ్మ మొహమాటంగా గిచ్చింది.

"గట్టిగ గిచ్చు."

గట్టిగా గిచ్చింది. వేలి కొస మీద గోరు దిగి ఎర్రగా అచ్చు పడింది. ధనలక్ష్మి మొహంలో ఏ మార్పూ లేదు.

"గిచ్చినవా?" అని అడిగింది.

ఆగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపల మంచం మీద కూర్చున్న ఆమె కూతురు పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "అమ్మా, ఆ నీళ్లు పారబొయ్యే," అంది. "ఇప్పుడే పారబొయ్యి."

చుట్టుపక్కల ఆడవాళ్లు చేరారు. ఒకరి తర్వాత ఒకరు ధనలక్ష్మి వేళ్లు పట్టుకుని, గిచ్చి, చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆమె ఎవరినీ కాదనలేదు. సంతలో గొడ్డును చూసినట్టు తన చెల్లెలి చేతులను అందరూ చూస్తుంటే శ్రీశైలం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ చేతులకు చిన్నప్పుడు గోరింటాకు పెట్టింది అతనే. ఇప్పుడు అవి అతని తరఫున సాక్ష్యం చెబుతున్నాయి.

ఆ సాయంత్రం మూడు ఇళ్లు డ్రమ్ములు ఇచ్చేశాయి. రెండు ఇళ్లవాళ్లు చూద్దామన్నారు. నల్లా రోజూ వదలమని ఆడవాళ్లంతా కలిసి నీళ్ల ఆఫీసుకు పోయి అడగాలని ఆగమ్మ అంది. అడిగారు కూడా. ఇంకా రోజు విడిచి రోజే వస్తోంది.

తిరిగి వస్తుంటే శ్రీశైలం అడిగాడు. "నా మీద కోపమొస్తలేదా నీకు?"

"ఎందుకు రాదు? సూదిల దారం ఎక్కియ్యబోయినప్పుడల్లా వస్తది." ఆమె నేల చూసుకుంటూనే నడుస్తోంది. "నువ్వు కావాలని చేసుంటే నాలుగు తిట్టి, పీడ పోయిందని ఊకుంటుంటి. నువ్వు అన్నిట్ల మంచిది చూసి నాకు తెచ్చినవ్. గదే బాధ అన్నా."

శ్రీశైలం ఆమె చెయ్యి తన భుజం మీద సరిగ్గా వేసుకున్నాడు. ఇంటి దగ్గర నర్సింహులు ఎదురొచ్చి, అతని వైపు చూడకుండా, భార్యను పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

"తిని పో కొడుకా, అన్నమైంది," అంది మొగులమ్మ గుమ్మంలో నిలబడి.

"తిన్న అత్తమ్మా," అన్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఆ ఇంట్లో కూర్చుని ముద్ద మింగడం అతని వల్ల అయ్యేది కాదు. ఆగమ్మ వాకిట్లో పెట్టిన మూడు డ్రమ్ములను కిరాయి ఆటోకు ఎక్కించి, పగలగొట్టడానికి తీసుకుపోతూ, చూద్దామన్న ఇళ్లవాళ్లకు రేపు ఏం చెప్పాలా అని ఆలోచించాడు.